పక్క సీటులో కూర్చున్నది ఎవరింటి బిడ్డ?

ప్రొద్దుటూరులో పని చూసుకుని జమ్మలమడుగు బస్సెక్కారనుకోండి. చేతిలో రెండు సంచులు. ఒకదాంట్లో కూరగాయలు, ఇంకోదాంట్లో జాకెట్టు గుడ్డలు. అదృష్టం కొద్దీ కిటికీ పక్క సీటు దొరికింది. బస్సు కదలబోతుండగా చీర కట్టుకుని, బొట్టు పెట్టుకుని, గొంతు కాస్త బొంగురుగా ఉన్న ఒకామె ఎక్కింది. మీ పక్కన ఖాళీగా ఉన్న చోటు వైపు చూసింది. అప్పుడు మీరేం చేస్తారు? నిజం చెప్పండి! సంచి ఒళ్లోకి తీసుకుని చోటిస్తారా, లేక చటుక్కున సంచి తీసి ఆ సీటులో పెడతారా?

మనలో చాలామంది సంచి పెట్టేవాళ్లమే. ఇందులో దాపరికమెందుకు? భయమంటాం, ఇబ్బందంటాం. మన రాష్ట్రంలో 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం మొదలైంది కదా! ఆ 'స్త్రీశక్తి' పథకంలో మనతోపాటు ట్రాన్స్‌జెండర్లను కూడా చేర్చారు. టిక్కెట్టు ప్రభుత్వం ఇచ్చింది. పక్కన చోటివ్వాల్సింది మాత్రం మనమే.

ఒక్కసారి ఆలోచించి చూడండి. ఆమె ఆకాశం నుంచి ఊడిపడలేదు. పులివెందుల దగ్గర ఏ పల్లెలోనో, ప్రొద్దుటూరులో ఏ వీధిలోనో మనలాంటి తల్లే కన్నది. ఉగ్గు పోసింది, పుట్టువెంట్రుకలు తీయించింది, తల దువ్వి బడికి పంపింది. మరి ఆ బిడ్డ ఇల్లెందుకు విడిచింది? చాలామంది కథల్లో జవాబు ఒక్కటే. ఇంట్లో చోటు లేకపోయింది!

'సమాజం మారాలి' అని అందరూ అంటారు. ఆ మార్పు మొదలవ్వాల్సింది మన గడప లోపలే. అందుకే ఈ వారం మన వంటింట్లోనే కూర్చుని ఈ సంగతి మాట్లాడుకుందాం.

ఇంతకీ ఎవరు వీళ్లు?

ఎల్‌జీబీటీ అనే మాట పేపర్లో చూసి 'మనకెందుకులే' అని పేజీ తిప్పేస్తుంటాం. ఇందులో నిజానికి రెండు వేర్వేరు సంగతులున్నాయి. మనం రెంటినీ కలిపేస్తాం.

మొదటిది, 'నేనెవరు' అన్నది. మగపిల్లాడుగా పుట్టినా లోలోపల తను ఆడపిల్లనే అనిపించేవాళ్లున్నారు. ఆడపిల్లగా పుట్టి, తను మగవాణ్ణే అనిపించేవాళ్లూ ఉన్నారు. వీళ్లను ట్రాన్స్‌జెండర్లు అంటారు. మనకు తెలిసిన హిజ్రాలు వీళ్లలో ఒక వర్గం.

రెండోది, 'నా మనసు ఎవరి మీదికి పోతుంది' అన్నది. మగవాడికి మగవాడి మీద మనసైతే గే అంటారు. ఆడవాళ్లకు ఆడవాళ్ల మీదైతే లెస్బియన్. ఇద్దరి మీదా ఇష్టం కలిగేవాళ్లు బైసెక్సువల్. వీళ్ల నడకలో, కట్టులో, మాటలో ఏ తేడా కనబడకపోవచ్చు. బ్యాంకులో గుమస్తా కావచ్చు, స్కూల్లో టీచరు కావచ్చు, మీ ఆడబిడ్డ కొడుకే కావచ్చు. చెప్పుకోలేక లోపలే నలిగిపోతూ ఉండవచ్చు.

ఇది జబ్బా? చెడు సావాసమా?

"సెల్‌ఫోనులో ఏవేవో చూసి చెడిపోయినాడు" అని ఒకరు, "ఏదో గాలి సోకింది" అని ఇంకొకరు. తాయెత్తు, మొక్కు, స్వామి దగ్గర భస్మం... తల్లి ఎన్ని గడపలు తొక్కుతుందో!

ఇది జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే స్వలింగ ఆకర్షణను జబ్బుల జాబితాలోంచి తీసేసింది. ట్రాన్స్‌జెండర్‌గా ఉండడాన్ని కూడా 2019లో మానసిక రోగాల జాబితా నుంచి తప్పించింది. మన దేశంలోని మానసిక వైద్యుల సంఘం కూడా స్వలింగ ఆకర్షణ రోగం కాదని 2018లో ప్రకటించింది. ఇలాంటి పిల్లలను 'మార్చేస్తాం' అని చికిత్స చేయడం డాక్టర్లకు వృత్తిపరమైన తప్పిదమని 2022లో జాతీయ వైద్య కమిషన్ తేల్చింది. కాబట్టి ఎవరైనా "ఇంత డబ్బిస్తే బాగు చేస్తా" అంటే ఆ డబ్బు, ఆ బిడ్డ రెండూ పోగొట్టుకున్నట్టే.

దీని వెనక ఒక మంచి సంగతుంది. మదురైకి చెందిన ఇద్దరమ్మాయిలు ఒకరినొకరు ఇష్టపడ్డారు. పెద్దవాళ్లకు భయపడి చెన్నై చేరి, 2021లో మద్రాసు హైకోర్టును రక్షణ కోరారు. విన్న న్యాయమూర్తి జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ ఏం చేశారో తెలుసా? ఈ విషయంలో తనకు సరైన అవగాహన లేదని దాచుకోకుండా ఒప్పుకున్నారు. ఒక మనస్తత్వ నిపుణురాలి దగ్గర కూర్చుని తెలుసుకున్నారు. ఆ తర్వాతే ఉత్తర్వు రాశారు. అంత పెద్ద జడ్జిగారే కూర్చుని నేర్చుకున్నప్పుడు మనకు నామోషీ ఎందుకు చెప్పండి?

జాతరలో మొక్కుతాం, ఇంట్లో కాదంటాం!

మన సంప్రదాయంలో ఇది లేదంటారు కొందరు. అర్ధనారీశ్వరుడికి హారతి పడతాం. విరాటుని కొలువులో బృహన్నలగా ఉన్న అర్జునుడి కథ పిల్లలకు చెబుతాం. తిరుపతి గంగమ్మ జాతరలో మగవాళ్లు ఆడవేషం కట్టి మొక్కు చెల్లిస్తే కళ్లకద్దుకుంటాం. ఆదోని దగ్గర సంతేకుడ్లూరులో హోలీకి మగవాళ్లు చీరలు కట్టుకుని రతీమన్మథులకు పూజ చేస్తారు. అది మొక్కు, ఆచారం. ట్రాన్స్‌జెండరుగా ఉండడం వేరు, నిజమే. కానీ చీర కట్టిన మగవాణ్ణి చూసి దణ్ణం పెట్టగల మనసు మనకుందని అవి చెప్పడం లేదూ? మరి ఆ మనసు కన్నబిడ్డ దగ్గర ఎందుకు మూసుకుపోవాలి?

"పెళ్లి చేస్తే సర్దుకుంటుందిలే!"

అన్నిటికంటే ప్రమాదమైన మాట ఇదే. దయచేసి ఈ భాగం జాగ్రత్తగా చదవండి.

కొడుకు "నాకు పెళ్లొద్దమ్మా" అంటాడు. తల్లి ఏడుస్తుంది, తండ్రి అరుస్తాడు, పెద్దమ్మలు, మేనత్తలు చుట్టూ చేరతారు. చివరికి వాడు తల వంచుతాడు. జమ్మలమడుగు సంబంధమో, పులివెందుల సంబంధమో కుదురుతుంది. ప్రొద్దుటూరు బంగారంగళ్లలో నగలు తీసుకుంటారు. పెళ్లి ఘనంగా జరుగుతుంది. ఆ తర్వాత?

తర్వాత ఆ కోడలి సంగతి ఎవరాలోచిస్తారు? మొగుడు కొట్టడు, తిట్టడు, కానీ దగ్గరికి రాడు. తనలోనే ఏదో లోపముందని ఆ పిల్ల అద్దం ముందు ఏడుస్తుంది. ఏడాది తిరక్కుండానే "ఇంకా విశేషం లేదా?" అని అడిగేవాళ్లు మొదలు. ఆసుపత్రుల చుట్టూ తిప్పేదీ ఆమెనే, నిందపడేదీ ఆమె మీదే. అటు మొగుడికి ఇల్లే జైలు. ఒక్క నిజాన్ని దాచడానికి రెండు బతుకులు బలి! ఆ కోడలి స్థానంలో మీ కూతుర్ని ఊహించుకోండి.

అమ్మాయిల సంగతి ఇంకా కష్టం. మగవాడి మీద మనసే లేని పిల్లకు బలవంతంగా తాళి కట్టిస్తే, ఆమెకు రోజూ ఎలా గడుస్తుంది? 'వద్దు' అనే మాట కూడా నోరు దాటి రాదు.

ముంబైలో పద్మా అయ్యర్ అనే తల్లి ఉంది. కొడుకు గే అని తెలిసి, 2015లో అతనికి తగిన వరుడు కావాలని పేపర్లో పెళ్లి ప్రకటన వేయించింది. కులం పట్టింపు లేదు గానీ అయ్యర్లయితే మేలని కూడా రాసింది! అందరూ నవ్వుకున్నారు, మెచ్చుకున్నారు. మనమంతా అలా చేయాలని కాదు. అమ్మ మనసు అన్ని పిల్లలకూ ఒకేలా పని చేస్తుందని ఆమె చూపింది. 2021 డిసెంబరులో హైదరాబాదు దగ్గర వికారాబాదులో ఇద్దరు యువకులు, సుప్రియో, అభయ్, బంధుమిత్రుల మధ్య ఉంగరాలు మార్చుకున్నారు. రెండు కుటుంబాలూ వచ్చాయి. అయితే ఇలాంటి పెళ్లిళ్లను గుర్తించడం పార్లమెంటు తేల్చాల్సిన విషయమని 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి మన దేశపు చట్టంలో అది పెళ్లి కింద లెక్కకు రాదు. కలిసి బతకడం మాత్రం నేరం కాదు.

చట్టం వాళ్ల వైపు ఎంతవరకుంది?

ట్రాన్స్‌జెండర్లను మూడో జెండర్‌గా గుర్తించాలని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న తీర్పిచ్చింది. 2018 సెప్టెంబరు 6న, పెద్దవాళ్లు ఇష్టపూర్వకంగా కలిసి ఉండడం నేరం కాదని, 377 సెక్షనును ఆ మేరకు కొట్టేసింది.

2019లో ట్రాన్స్‌జెండర్ల హక్కుల చట్టం వచ్చింది. 2020 జనవరి 10 నుంచి అమలైంది. ట్రాన్స్‌జెండరన్న కారణంతో బిడ్డను తల్లిదండ్రుల నుంచి వేరు చేయకూడదని, ఇంట్లోంచి వెళ్లగొట్టడం నేరమని ఆ చట్టం చెప్పింది. జిల్లా కలెక్టరు గుర్తింపు పత్రం ఇచ్చే ఏర్పాటూ దాంతోనే వచ్చింది. నిబంధనలు అప్పుడప్పుడూ మారుతుంటాయి గనుక దరఖాస్తుకు ముందు కడప కలెక్టరాఫీసులో గానీ, మీ సచివాలయంలో గానీ అడిగి తెలుసుకోవడం మంచిది. మన రాష్ట్రంలో ట్రాన్స్‌జెండర్లకు ఇచ్చే పింఛను 2024 జూలైలో నెలకు 4,000 రూపాయలైంది.

2025 జూన్‌లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇంకో మంచి మాట చెప్పింది. ట్రాన్స్ మహిళ కూడా మహిళేనని, పిల్లల్ని కనలేదన్న కారణంతో ఆమెను స్త్రీ కాదనడం తగదని! పిల్లలు పుట్టక మాటలు పడిన ఆడవాళ్లందరికీ ఆ మాట విలువ తెలుస్తుంది.

చోటిస్తే ఎంత ఎదుగుతారో!

2022లో హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రిలో ఇద్దరు ట్రాన్స్‌జెండర్ డాక్టర్లు, ప్రాచీ రాథోడ్, రూత్ జాన్ పాల్, ఉద్యోగంలో చేరారు. అంతకుముందు ప్రైవేటు ఆసుపత్రుల్లో ఎదురైన తిరస్కారాల గురించి వాళ్లే చెప్పుకున్నారు. మన పొరుగున బళ్లారి ప్రాంతంలో పుట్టిన మంజమ్మ జోగతి ఇంట్లో చోటు లేక భిక్షమెత్తి బతికింది. జోగతి నృత్యం నేర్చుకుని, కర్ణాటక జానపద అకాడమీకి అధ్యక్షురాలై, 2021లో పద్మశ్రీ అందుకుంది. భిక్షమెత్తిన చేతులకు పద్మశ్రీ! ఆ చేతులు ముందే ఇంట్లో ఉండి ఉంటే అన్ని కష్టాలు పడేవా?

బిడ్డ నోరు విప్పిన రోజు...

"అమ్మా, నీతో ఒక మాట చెప్పాల" అని ఏదో ఒక సాయంత్రం మీ బిడ్డ వంటింటి గుమ్మం దగ్గర నిలబడవచ్చు. ఆ అయిదు నిమిషాలే చాలా ముఖ్యం. అందుకని ఇవి గుర్తుంచుకోండి:

* పొయ్యి ఆపి కూర్చోండి. మాట పూర్తయ్యేదాకా అడ్డు రావద్దు.

* అర్థం కాకపోతే, "నాకింకా అర్థం కాలేదు నాయనా, నువ్వు మాత్రం నా బిడ్డవే" అనండి. ఆ ఒక్క మాట చాలు.

* ఏడుపొస్తే ఏడవండి. "నా కడుపున చెడబుట్టావు" అని మాత్రం అనవద్దు. ఆ మాట మళ్లీ వెనక్కి తీసుకోలేం.

* బిడ్డ ఒప్పుకోనిదే చెల్లెలికి గానీ, వదినకు గానీ, చివరికి మొగుడికి గానీ చెప్పవద్దు. ఎవరికి, ఎప్పుడు చెప్పాలో బిడ్డనే నిర్ణయించుకోనివ్వండి.

* చదువు మాన్పించడం, గదిలో పెట్టి తాళం వేయడం, తొందరపడి సంబంధాలు చూడడం... ఇవి వద్దే వద్దు.

* బిడ్డ తిండి మానేసినా, చావు మాటలు మాట్లాడినా ఆలస్యం చేయకండి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్లు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.

* ఆ రాత్రి సంగటి ముద్ద ఎప్పటిలాగే కంచంలో పెట్టండి. "తిన్యావా?" అని అడగండి. ఇల్లు ఇంకా తనదేనని బిడ్డకు అప్పుడు నమ్మకం కుదురుతుంది.

ఇంట్లో ఇలాంటి బిడ్డ లేకపోయినా మనం చేయగలిగిన పనులున్నాయి. మెత్తగా నడిచే పిల్లాణ్ణి 'తేడా', 'పాయింట్ ఫైవ్' అని మన పిల్లలు ఏడిపిస్తుంటే ఆపండి. వాళ్ల చప్పట్లను పిల్లలు వెక్కిరిస్తే నవ్వకండి. గృహప్రవేశానికి వచ్చినప్పుడు ఇవ్వగలిగింది ఇవ్వండి, ఇవ్వలేకపోతే మర్యాదగా చెప్పండి. కొళాయి దగ్గరైనా, అంగట్లోనైనా నోరారా "అక్కా" అని పిలవండి. మీకో గది అద్దెకివ్వడానికుంటే, అద్దె కట్టగలరా అని చూడండి గానీ మనిషిని చూసి తలుపు వేయకండి.

ఇవేవీ ఖర్చుతో కూడిన పనులు కావు. ఈసారి బస్సులో ఆమె మీ పక్కకొచ్చి నిలబడితే సంచి ఒళ్లోకి తీసుకోండి. "కూర్చో అక్కా, యాడికి పోతుండావు?" అని అడగండి. మీ ఊరు వచ్చేలోపు ఆమె కూడా తన అమ్మ సంగతి చెబుతుందేమో, వినండి!