11 రోజుల గ్యాప్.. అగాథా క్రిస్టీ చెప్పని జవాబు

‘రెజ్యూమెలో ఈ ఏడాది ఖాళీగా ఉందేంటి?’ ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న పడగానే చాలామందికి గొంతు తడారిపోతుంది. నాకూ అంతే. బీటెక్ బ్యాక్‌లాగ్స్ క్లియర్ చేయడానికి ఏడాది పట్టింది. మొదటి ఇంటర్వ్యూలో ‘పర్సనల్ రీజన్స్ సర్’ అని నసిగాను. ప్యానెల్లో ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఏమనుకున్నారో మరి, మళ్లీ పిలుపు రాలేదు. ఈమధ్య మేరీ బెనెడిక్ట్ నవల ‘ద మిస్టరీ ఆఫ్ మిసెస్ క్రిస్టీ’ చదువుతుంటే ఆ రోజే గుర్తొచ్చింది.

అసలేం జరిగింది?

1926 డిసెంబరు 3 రాత్రి డిటెక్టివ్ నవలల రచయిత్రి అగాథా క్రిస్టీ ఇంగ్లండ్‌లోని సన్నింగ్‌డేల్‌లో ఇంటి నుంచి కారులో బయల్దేరారు. మర్నాడు న్యూలాండ్స్ కార్నర్ దగ్గర కారు దొరికింది, ఆమె లేరు. కోటు కారులోనే ఉంది. దేశమంతా గగ్గోలు. షెర్లాక్ హోమ్స్‌ను సృష్టించిన కానన్ డాయల్ అయితే ఆమె గ్లౌజును ఆత్మలతో మాట్లాడతాననే వ్యక్తికిచ్చి ఆచూకీ అడిగారు!

డిసెంబరు 14న హారోగేట్‌లోని ఓ హోటల్లో కనిపించారు. రిజిస్టర్‌లో రాసుకున్న ఇంటిపేరు ‘నీల్’. అది భర్త ఆర్చీ ప్రేమించిన మహిళ ఇంటిపేరు. ఆ ఏడాదే క్రిస్టీ తల్లి చనిపోయారు, భర్త విడాకులు అడిగారు. జ్ఞాపకశక్తి పోయిందని భర్త పత్రికలకు చెప్పారు. ఆమె మాత్రం ఆత్మకథలోనూ ఆ 11 రోజుల ఊసెత్తలేదు.

ఖాళీ ఉంటే కథ పుడుతుంది

పబ్లిసిటీ కోసమని కొందరు, భర్తే చంపేశాడని ఇంకొందరు అప్పట్లోనే కథలల్లారు. ఆ తర్వాత నవలలొచ్చాయి. బెనెడిక్ట్ ఒక అధ్యాయంలో వెతుకులాట, మరో అధ్యాయంలో ఆ జంట గతం చెబుతూ వెళ్తారు. తేదీలు, ఊళ్లు నిజం. మనసులో మాట ఊహ. లాగ్ ఫైల్లో లైన్లు మిస్సయితే ముందూ వెనకా చూసి గెస్ చేస్తాం కదా, అలాగన్నమాట. గెస్ ఎంత బాగున్నా ఫ్యాక్ట్ కాదు.

క్రిస్టీకి మౌనం చెల్లింది. ఆమె తరఫున పుస్తకాలు మాట్లాడాయి. ఫ్రెషర్‌కి ఆ వెసులుబాటు లేదు. మీరు ఖాళీ వదిలితే ఇంటర్వ్యూ చేసేవాళ్లే కథ రాసేసుకుంటారు.

ఇలా చెప్పండి

* ఏం జరిగింది, ఆ టైంలో ఏం నేర్చుకున్నారు.. రెండు వాక్యాలు చాలు.
* ఇంటి కష్టమైతే వివరాలు అక్కర్లేదు. ‘ఇంట్లో ఆరోగ్య సమస్య, ఇప్పుడు సర్దుకుంది’ అంటే సరిపోతుంది.
* తేదీలు మార్చొద్దు. వెరిఫికేషన్‌లో దొరికిపోతారు.

తర్వాతి ఇంటర్వ్యూలో నేను చెప్పింది ఇంతే: ‘రెండు సబ్జెక్టులు ఉండిపోయాయి సర్. క్లియర్ చేశా. ఆ టైంలోనే పైథాన్ నేర్చుకున్నా.’ వాళ్ల తర్వాతి ప్రశ్న గ్యాప్ మీద కాదు, పైథాన్ మీద!