ఎండ కోర్చు నత్తలు

చిల్పూరు వైపు శ్రోతలకు చెరువు నత్త క్రొత్తది కాదు. నీరింకగానే మూత బిగించుకొని బురదలో దిగి, వానవరకు నిద్రించును. విశాఖపట్టణపు కడలిరాళ్ళపై నున్న దాని దూరపు చుట్టములకు దాగుటకు బురద లేదు. పోటు తాకని పైరాతిమీద శనగగింజంత చిరునత్తలు పగలెల్ల ఎండలోనే యుండును. మూత వేసికొని, జిగురుతో గుల్ల అంచును మాత్రము రాతి కతికించుకొని, కాలు లోనికి ముడుచుకొనును; అందుచే రాతివేడి తక్కువగా నెక్కును. ఈ కుటుంబమున కొన్ని యాభై డిగ్రీలు మించిన వేడిని సైతము సహించునని బ్రూనై తీరపు పరిశోధనలలో తేలినది.

ఇంత ఓర్పుగల వానికి భూతాపము వలన భయమేమి? అవి యిప్పటికే హద్దు దాపున నున్నవని మేము చెప్పుదుము. పైగా, నాచు గీకి తినుట రాయి తడిసినప్పుడే. వేడి దినములు హెచ్చినకొలది పస్తులు హెచ్చును. 2011లో పశ్చిమాస్ట్రేలియా తీరమున కడలినీరే వేడెక్కగా, కాల్బరీ వద్ద రాతి నంటియుండు అబలోనీ నత్తలు దాదాపుగా నశించినవి.

చల్లనిచోటికి పోరాదా యందురేమో. నత్తపిల్లలు నీటిపై తేలి చాల దూరము పోగలవు; కాని దిగుటకు రాయి కావలెను. విశాఖ, భీమునిపట్టణముల రాళ్ళకు దక్షిణమున గోదావరి బురద, ఉత్తరమున ఎక్కువభాగము ఇసుక.