పీహెచ్‌డీ, ఐరన్‌మ్యాన్: లెక్క ఎక్కడ తేడా కొడుతుంది?

3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిల్, 42.2 కిలోమీటర్ల పరుగు. మొత్తం 226 కిలోమీటర్లు, ఒకే రోజులో. ఐరన్‌మ్యాన్ పేరుతో ఈ ట్రయథ్లాన్ మొదటిసారి జరిగింది 1978లో, హవాయిలోని ఒవాహు దీవిలో. ఆ రోజు 15 మంది బయల్దేరితే 12 మంది పూర్తి చేశారు. గెలిచిన గోర్డన్ హాలర్‌కు 11 గంటల 46 నిమిషాల 58 సెకన్లు పట్టింది. ఇప్పటి పోటీల్లో సాధారణంగా 17 గంటల గడువు ఉంటుంది. మాస్టర్సో పీహెచ్‌డీనో చేస్తున్నవాళ్లు దీనికి సిద్ధం కాగలరా? కాగలరనే నా నమ్మకం. కాకపోతే చాలామంది వారం లెక్క చూసుకుని ధైర్యం తెచ్చుకుంటారు, ఏడాది లెక్క చూసుకోరు. దెబ్బ తగిలేది అక్కడే.

ముందు పోటీ రోజు సంగతి. 100 మీటర్లకు రెండున్నర నిమిషాల చొప్పున ఈదితే ఈతకు గంటా 35 నిమిషాలు. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో సైకిల్ తొక్కితే 7 గంటల 12 నిమిషాలు. కిలోమీటరుకు 8 నిమిషాల చొప్పున, అంటే నిదానంగా పరిగెత్తినా 5 గంటల 38 నిమిషాలు. బట్టలు, బూట్లు మార్చుకోవడానికి మరో 20 నిమిషాలు. అన్నీ కలిపితే 14 గంటల 45 నిమిషాలు. గడువుకు ఇంకా రెండుంబావు గంటలు మిగులుతాయి. వీటిలో ఏ వేగమూ అసాధారణమైనది కాదు. కష్టమల్లా ఆ వేగాన్ని అంతసేపు నిలబెట్టడమే. ఇంకో సంగతి, మొత్తం సమయంలో దాదాపు సగం సైకిల్ మీదే గడుస్తుంది. శిక్షణలో కూడా సగం గంటలు దానికే ఇవ్వాలి.

ఇక వారం లెక్క. అమెరికాలో పీజీ చేస్తున్న విద్యార్థిని తీసుకుందాం, ఎందుకంటే ఈ ప్రశ్న ఎక్కువగా పుట్టేది అక్కడే, అక్కడ మనవాళ్లూ ఎక్కువే. వారానికి 168 గంటలు. రోజుకు 8 గంటల నిద్రకు 56 పోతే 112. సెమిస్టర్‌కు 9 క్రెడిట్లు. ఒక్కో క్రెడిట్‌కు క్లాసులో గంట, బయట కనీసం రెండు గంటలు అని అక్కడి లెక్క, అంటే 27 గంటలు. టీఏ (బోధన సహాయం) లేదా ఆర్ఏ (పరిశోధన సహాయం) పని 20 గంటలు. ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్లకు చదువు నడుస్తుండగా క్యాంపస్ ఉద్యోగానికి పరిమితి కూడా అంతే. మిగిలింది 65. వంట, తిండి, స్నానం, బట్టలు ఉతుక్కోవడం, సరుకులు, రాకపోకలకు రోజుకు నాలుగు గంటలనుకుంటే 28 పోయి 37.

ఈ 37లోంచి వారానికి 10 గంటలు శిక్షణకు తీయడం సులువుగానే కనిపిస్తుంది. అయితే 10 గంటల శిక్షణంటే 10 గంటలే కాదు. ఈతకొలను దాకా వెళ్లి రావాలి, టైర్లకు గాలి కొట్టాలి, సీసాలు నింపాలి, తిరిగొచ్చి మళ్లీ స్నానం చేయాలి. ఒక్కో విడతకు అరగంట వేసుకున్నా, వారానికి పది విడతలైతే 5 గంటలు. విడతలు తగ్గించి ఒక్కోదాన్ని పొడిగించేవాళ్లకూ, ల్యాబ్‌కు పరుగెత్తుకుంటూ వెళ్లేవాళ్లకూ ఇందులో రెండు మూడు గంటలు కలిసొస్తాయి. మామూలు వారాల్లో 15 గంటలు పోయి 22 మిగులుతాయి. పోటీకి నెలన్నర ముందు శిక్షణే 15 గంటలకు, హంగులతో కలిపి 21కి చేరుతుంది. అప్పుడు మిగిలేవి 16.

ఇంతవరకూ కాగితం మీద అంతా బాగుంది. తేడా కొట్టేది ల్యాబ్‌లో. పరిశోధన క్రెడిట్లు గడియారం చూసి నడవవు. ప్రయోగం చెడిపోతే, పేపర్ గడువు ముంచుకొస్తే, క్వాలిఫయింగ్ పరీక్ష దగ్గరపడితే చదువు, టీఏ లేదా ఆర్ఏ పని కలిపిన 47 గంటలు 60 అవుతాయి. ఆ 13 గంటలు 16లోంచే పోవాలి. మిగిలిన మూడు గంటల్లో స్నేహితులు, ఇంటికి ఫోన్, జ్వరం, వాన అన్నీ ఇమడాలి. ఇమడవు కాబట్టి అందరూ నిద్రలోంచి కోస్తారు. అది చాలా ఖరీదైన కోత. అమెరికాలో 12 నుంచి 18 ఏళ్ల మధ్య వయసున్న 112 మంది క్రీడాకారులపై 2014లో వచ్చిన అధ్యయనంలో, 8 గంటల కన్నా తక్కువ నిద్రపోయేవాళ్లకు గాయాలయ్యే అవకాశం 1.7 రెట్లు ఉన్నట్టు తేలింది. వాళ్లు బడిపిల్లలు, నిజమే. అయినా రోజంతా మెదడుతో, పొద్దునా సాయంత్రం కాళ్లతో పనిచేసేవాళ్లకు నిద్ర తక్కువైనా పరవాలేదని నేను చెప్పలేను.

అందుకే ముందు ఎంచుకోవాల్సింది పోటీ తేదీ. 2002లో మొదలైన ఐరన్‌మ్యాన్ విస్కాన్సిన్‌ను చూడండి. మ్యాడిసన్‌లో, పెద్ద విశ్వవిద్యాలయం ఉన్న ఊళ్లో, సెప్టెంబరు తొలి పక్షంలో జరుగుతుంది. ఈత మొనోనా సరస్సులో. అక్కణ్నుంచి 24 వారాలు వెనక్కి లెక్కపెడితే మార్చి చివరి వారం వస్తుంది. వారానికి 7, 8 గంటలతో సరిపోయే తొలి వారాలు వసంత సెమిస్టర్ చివరికి పడతాయి. భారీ వారాలు జులైలో, క్లాసులు లేనప్పుడు వస్తాయి. పోటీకి ముందు రెండు వారాలు దూరాన్ని తగ్గించుకునే దశ. 2007లో పలు అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణ ఈ దశలో తీవ్రత తగ్గించకుండా పరిమాణాన్ని 41 నుంచి 60 శాతం కోయడం మేలని చెప్పింది. 15 గంటలు 7కు దిగే ఆ వారాల్లోనే కొత్త సెమిస్టర్ మొదలవుతుంది. ఇంత చక్కగా కుదిరే తేదీలు అరుదు. అదే హ్యూస్టన్ దగ్గర వుడ్‌ల్యాండ్స్‌లో ఏప్రిల్‌లో జరిగే ఐరన్‌మ్యాన్ టెక్సస్‌కు పేరిస్తే, భారీ వారాలు సరిగ్గా మిడ్‌టర్మ్‌ల మీద, మేలో పట్టా పుచ్చుకునేవాళ్లకైతే థీసిస్ గడువుల మీద పడతాయి. టెక్సస్‌లో చదివే మన పిల్లలు దగ్గరని ఆ పోటీకి మొగ్గడం సహజం. థీసిస్ ఏడాదిలో మాత్రం వద్దు.

తేదీ ఎంత బాగా ఎంచుకున్నా పరీక్షల వారాలు శిక్షణను తినేస్తాయి. అప్పుడు వచ్చే భయానికి మందు పాత పరిశోధనల్లోనే ఉంది. 1980ల మొదట్లో రాబర్ట్ హిక్సన్ బృందం కొందరికి వారానికి ఆరు రోజులు, రోజుకు 40 నిమిషాల చొప్పున పది వారాలు కఠినమైన శిక్షణ ఇచ్చింది. తర్వాత 15 వారాలు కొందరికి రెండు రోజులకు కుదించింది. ఇంకొక ప్రయోగంలో రోజులు అలాగే ఉంచి 40 నిమిషాలను 13కు తగ్గించింది. రెండింట్లోనూ శరీరం ఆక్సిజన్ వాడుకునే గరిష్ఠ సామర్థ్యం దాదాపు నిలిచింది. 13 నిమిషాలవాళ్లలో మాత్రం ఎక్కువసేపు నిలిచే ఓర్పు పది శాతం దాకా పడిపోయింది. ఆ తర్వాతి ప్రయోగంలో తీవ్రత తగ్గించినప్పుడు సామర్థ్యమే పడిపోయింది. పరీక్షల పక్షంలో ఏం చేయాలో దీన్నిబట్టి తెలుస్తుంది: గంటలను మూడో వంతుకు తెచ్చుకోండి, ఉన్న కాసేపట్లో గట్టిగా శ్రమించండి. పోయిన దూరాన్ని తర్వాతి వారం రెట్టింపు చేసి పూడ్చబోకండి. మామూలు వారాల్లో ఇది తిరగబడాలి. మేటి క్రీడాకారుల శిక్షణలో సుమారు 80 శాతం తేలిక వేగంలోనే సాగుతుందని స్టీఫెన్ సైలర్ పరిశోధనలు చూపాయి. అంటే పరిగెత్తుతూ పూర్తి వాక్యాలు మాట్లాడగలిగేంత నెమ్మది. మర్నాడు ల్యాబ్‌లో కళ్లు మూతలు పడకుండా ఉండాలంటే ఆ నెమ్మది అవసరం.

తిండి విషయంలో మన పిల్లలకు రెండు మాటలు. శ్రమపడే శరీరానికి కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 2 గ్రాముల ప్రొటీన్ కావాలి. 65 కిలోలుంటే కనీసం 78 గ్రాములు. గుడ్డుకు 6, పావు లీటరు పాలకు 8, కప్పు ముద్దపప్పుకు పదికి పైనే. అన్నం, చారు, పెరుగుతో సరిపెట్టుకునే గదుల్లో ఈ లెక్క తేలదు. రెండోది, దూరపు సైకిల్ ప్రయాణాల్లో గంటకు 60 గ్రాముల పిండిపదార్థం కావాలి, అలవాటైనవాళ్లు 90 దాకా తీసుకుంటారు. దుకాణంలో కొనే మామూలు జెల్‌లో సుమారు 25 గ్రాములే ఉంటాయి. ఏడు గంటలకు 420 గ్రాములు జెల్స్‌తో నింపాలంటే స్టయిపెండ్‌కు బరువే. పంచదార సగం గ్లూకోజ్, సగం ఫ్రక్టోజ్. పేగు ఈ రెంటినీ వేర్వేరు దారుల్లో పీల్చుకుంటుంది. నీళ్లలో పంచదార, ఉప్పు, కాస్త నిమ్మరసం కలుపుకుంటే చౌకలో పని జరుగుతుంది. కడుపుకు అలవాటు చేయాల్సింది మాత్రం శిక్షణలోనే.

ఈత రానివాళ్లు, తెలుగు విద్యార్థుల్లో వీళ్లు తక్కువేం కాదు, ఆపకుండా 400 మీటర్లు ఈదగలిగేదాకా ఏ పోటీకీ డబ్బు కట్టకూడదు. ఈత ఊపిరితో, భయంతో ముడిపడింది. సెమిస్టర్ క్యాలెండర్ చూసి అది రాదు.

థీసిస్ రాస్తున్నవాళ్లకూ, తొలిసారి దిగేవాళ్లకూ 70.3 (మైళ్లలో) అనే సగం దూరం ఉంది: 1.9, 90, 21.1, మొత్తం 113 కిలోమీటర్లు, గడువు సాధారణంగా ఎనిమిదిన్నర గంటలు. పై వేగాలతోనే లెక్కేస్తే మార్పిడికి 15 నిమిషాలు కలిపి ఏడున్నర గంటల్లోపే పూర్తవుతుంది. భారీ వారమైనా శిక్షణ 8 నుంచి 10 గంటలకు మించనక్కర్లేదు, కాబట్టి ల్యాబ్ 60 గంటలు అడిగిన వారంలో కూడా నిద్రను ముట్టుకోనక్కర్లేదు. 2019 నుంచి ఈ పోటీ గోవాలో కూడా జరుగుతోంది. హైదరాబాద్‌లోనో విశాఖలోనో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లు దానికోసం విమానం ఎక్కి దేశం దాటాల్సిన పనిలేదు.