శాతం గుర్తు మింగేసిన మాట!

గండికోట చూసి ఎర్రగుంట్ల వైపు వచ్చేవాళ్లకి కలమళ్ల మామూలు పల్లెలాగే కనిపిస్తుంది. కానీ తెలుగు వాక్యాలున్న తొలి శాసనంగా పేరుపొందింది ఆ ఊళ్లోదే. క్రీ.శ. 575 నాటిదని చెప్పే ఆ శాసనం పూర్తిగా మిగల్లేదు. కొంత చెరిగిపోయింది. అయినా రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి పేరు అందులో దొరికింది. ఇలాంటి ముక్కల్ని చదివే పండితులకో నియమం ఉంది. ఉన్న అక్షరాన్ని ఉన్నట్టే రాయాలి. తాము ఊహించి పూరించిన దాన్ని బ్రాకెట్లో పెట్టాలి. పద్నాలుగు వందల ఏళ్ల తరవాత కంప్యూటర్‌కీ అలాంటి పరీక్షే ఎదురైంది!

పేరు ఒక్క అక్షరమే

గణాంకాల లెక్కలకి ప్రపంచమంతా వాడే కంప్యూటర్ భాష ‘ఆర్’. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ 1990ల్లో దీన్ని తయారుచేశారు. 1.0.0 వెర్షన్ 2000 ఫిబ్రవరి 29న వచ్చింది. పైసా ఖర్చు లేదు. ఎవరైనా కొత్త పనిముట్లు చేసి అందరికీ పంచొచ్చు. అయితే, వాటిని ఎలా వాడాలో చెప్పే సహాయ పేజీలూ రాయాలి.

అది ఉత్తరం రాసినట్టు రాస్తే కుదరదు. ఏది శీర్షికో, ఏది వివరణో, ఏది ఉదాహరణో గుర్తులతో చెప్పాలి. ముందు \ గుర్తు, దాని వెంట ఆదేశం, ఆపైన ఫ్లవర్ బ్రాకెట్లలో విషయం. ఆ గుర్తుల్ని చదివి, విడదీసి, అందంగా చూపించే ప్రోగ్రామే ‘పార్సర్’.

ఒక్క చుక్క తేడాతో...

ఇక్కడో చిక్కుంది. ఆ పేజీల్లో % గుర్తు కనిపిస్తే, ఆ వరసలో మిగతాదంతా రాసినవాళ్లు తమకోసం పెట్టుకున్న గమనిక అనుకుని పార్సర్ వదిలేస్తుంది. ‘మోతాదు 5% మించకూడదు’ అని రాశారనుకోండి. చదివేవాళ్లకి కనిపించేది ‘మోతాదు 5’ వరకే! అసలు హెచ్చరికే మాయం. % ముందు \ పెడితేనే అది శాతమవుతుంది. ఒకవేళ ఆ వరస చివర్లోనే బ్రాకెట్ మూసి ఉంటే అదీ పోతుంది. అప్పుడు పేజీ మొత్తం తలకిందులే.

పేజీలోంచి తెగిన ముక్కని చదవాలంటే ఇంకా కష్టం. మామూలు వాక్యంలో కొటేషన్ గుర్తు ఉత్త గుర్తే. ఉదాహరణ ప్రోగ్రామ్‌లో అయితే అక్కణ్నుంచి ఓ మాట మొదలైనట్టు. ఆ మాటలో వచ్చే బ్రాకెట్లు లెక్కలోకి రావు. అంటే, ముక్క ఏ భాగంలోదో తెలియకపోతే అర్థమే మారిపోతుంది.

కఠినమైన మాస్టారు

ఒకప్పుడు ఈ పని పెర్ల్ భాషలో రాసిన ప్రోగ్రాములు చేసేవి. చిన్న తప్పుల్ని చూసీచూడనట్టు వదిలేసేవి. 2009 అక్టోబరులో వచ్చిన 2.10.0 వెర్షన్‌తో ఆ బాధ్యత డంకన్ మర్డోక్ రాసిన కొత్త పార్సర్‌కి అప్పగించారు. వ్యాకరణం మాస్టారిలా అది తప్పున్న వరస సంఖ్యతో సహా చెబుతుంది. దాంతో అన్నాళ్లూ దాగున్న పొరపాట్లెన్నో బయటపడ్డాయి. ‘ఇది పూర్తి పేజీ కాదు, ముక్క మాత్రమే’ అని ముందే చెబితే, శీర్షిక లేదని పేచీ పెట్టకుండా ఉన్నంతవరకూ చదువుతుంది.

తెగింది రాయైనా, కంప్యూటర్ పేజీ అయినా సూత్రం ఒక్కటే. ముక్కని ముక్కగా ఒప్పుకుంటేనే అది నిజం చెబుతుంది!