మీకు తెలుసా? లండన్ వీధుల కింద పీడనం అమ్మేవారు

కరెంటు, గ్యాసు సరఫరా చేసినట్టే లండన్‌లో ఒక కంపెనీ 1977 దాకా వీధుల కింది గొట్టాల్లో పీడనాన్ని సరఫరా చేసి బిల్లు వసూలు చేసింది! 1883లో మొదలైన ఆ సంస్థ పేరు లండన్ హైడ్రాలిక్ పవర్ కంపెనీ.

గొట్టాల్లో పారింది మామూలు నీరే, కాకపోతే వాతావరణ పీడనానికి సుమారు 55 రెట్ల ఒత్తిడిలో. 10 సెంటీమీటర్ల వ్యాసమున్న పిస్టన్‌ని ఆ నీరు నాలుగు టన్నులకు పైగా బలంతో తోస్తుంది. రేవుల్లో క్రేన్లు, హోటళ్లలో లిఫ్టులు, థియేటర్లలో అగ్నిప్రమాదం నుంచి కాపాడే ఇనుప తెరలు దాంతోనే కదిలేవి. మంచి రోజుల్లో గొట్టాల పొడవు 290 కిలోమీటర్ల దాకా ఉండేది.

ఇంజనీర్లకు అసలు చిక్కు నిల్వ దగ్గర వచ్చింది. నీరు దాదాపు నొక్కుకుపోదు, అందుకని గాలిలాగా దాంట్లో శక్తిని కుదించి దాచలేం. అందుకే పంపింగ్ స్టేషన్లలో నిలువు సిలిండర్‌లోని పిస్టన్ మీద టన్నుల కొద్దీ బరువు పెట్టారు. వాడకం తగ్గితే పంపులు ఆ బరువును పైకి లేపేవి. ఒక్కసారిగా గిరాకీ పెరిగితే అదే మెల్లగా దిగుతూ పీడనం పడిపోకుండా చూసేది. దీన్ని అక్యుములేటర్ అంటారు. అలాంటి అక్యుములేటర్ కోసం ఇటుకలతో కట్టిన గోపురం లండన్‌లోని వాపింగ్‌లో ఇప్పటికీ ఉంది.

సరఫరా ఆగిపోయాక గొట్టాలు వృథా పోలేదు. 1980లలో మెర్క్యురీ కమ్యూనికేషన్స్ అనే టెలిఫోన్ కంపెనీ వాటిని కొని, లోపల టెలిఫోన్ కేబుళ్లు వేసుకుంది.