పోస్టరుకెక్కిన 'తమ్ముడు'

పుస్తకం ముట్టని మనిషి కూడా రోజుకు పది శీర్షికలు చదువుతాడు. బస్సు బోర్డు, సినిమా పోస్టరు, గోడ మీది రాత, రేషన్ షాపు ముందు నోటీసు, సభల ఫ్లెక్సీలు. ఇవన్నీ పెద్దక్షరాలే. మేము మా ఇళ్లలో తొలి తరం డిగ్రీవాళ్లం. మా పెద్దలలో చాలామంది అక్షరాలు కూడబలుక్కోవడం నేర్చింది ఈ బోర్డుల మీదే. అందుకే పోస్టరు మీది అక్షరం గురించి నాలుగు మాటలు రాయడం అవసరమని మేము భావిస్తున్నాం.

కంప్యూటరులో అక్షరాల రూపానికి ఫాంటు అని పేరు. కథలు, పాఠాలు చదివించే ఫాంట్లు వేరు, శీర్షికల కోసం గీసినవి వేరు. మొదటివి కంటికి అడ్డు రాకుండా ఒదిగి ఉండాలి. రెండోవి దూరం నుంచే పిలవాలి. అలా పిలిచే ఫాంట్లలో 'బలూ తమ్ముడు' ఒకటి. ముంబైకి చెందిన ఏక్ టైప్ బృందం దీన్ని రూపొందించింది.

కిప్లింగ్ 1894లో ప్రచురించిన 'జంగిల్ బుక్'లో మౌగ్లీకి అడవి చట్టం నేర్పే ఎలుగుబంటి పేరు బలూ. ఫాంటు కూడా ఆ ఎలుగుబంటి లాగే లావుగా, మెత్తగా, సరదాగా ఉంటుంది. మొనలు గుచ్చుకోవు, మలుపులు గుండ్రంగా తిరుగుతాయి. 9 భారతీయ లిపులకు దీన్ని వేరువేరుగా గీసి, చాలా భాషల్లో అన్నదమ్ముల వరసలతో పిలిచారు. తమిళంలో తంబి, కన్నడంలో తమ్మ, మలయాళంలో చేట్టన్, గుజరాతీలో భాయ్, మనకు తమ్ముడు. ఊరూ పేరూ తెలియకముందే 'అన్నా', 'తమ్ముడూ' అని పిలుచుకునే హాస్టలు వాళ్లకు ఈ పేరు నచ్చకపోదు!

తెలుగు అక్షరాన్ని లావు చేయడం అనుకున్నంత తేలిక కాదు. మన రాత మూడు అంతస్తుల ఇల్లు. నడుమ అక్షరం, పైన తలకట్టు, గుడి, కింద వత్తు. 'రాష్ట్రం' అని రాసి చూడండి. ఒక్క 'ష'కే ట వత్తు, ర వత్తు రెండూ అమరాలి. గీత బయటికి లావైతే పక్క అక్షరానికి తగులుతుంది, లోపలికి లావైతే అక్షరం పొట్ట పూడుకుపోతుంది. 'థ' పొట్టలోని చుక్క పూడిందంటే 'కథ' కాస్తా 'కధ' అవుతుంది. అందుకే మందమైన ఫాంటు గీసేవారు ఇరుకైన చోట గీతను కొంచెం సన్నం చేసి, మొత్తం ఒకే మందంగా ఉన్నట్టు కంటికి తోపిస్తారు. చూసేవారికి ఆటగా కనిపించే అక్షరం వెనుక ఇంత లెక్క ఉంటుంది.

మన వంటి విద్యార్థులకు ఇంకో ముఖ్య విషయం, ఈ ఫాంటు ఉచితం. గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతుంది. ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉంది కాబట్టి వాడుకోవచ్చు, పంచుకోవచ్చు, మార్చుకోవచ్చు కూడా. ఫాంటును మాత్రం విడిగా అమ్ముకోకూడదు. పైగా ఇది యూనికోడ్ ఫాంటు. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన తెలుగు, ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే పిచ్చి గుర్తులుగా మారేది. యూనికోడ్‌లో కొట్టినది ఫాంటు మారినా తెలుగుగానే ఉంటుంది. కొనే స్తోమత లేదని దొంగ కాపీ కోసం వెతకనక్కరలేదు. సిలికానాంధ్ర ఉచితంగా అందించిన ధూర్జటి, రవిప్రకాష్ వంటి ఫాంట్లు కూడా శీర్షికలకు పనికొస్తాయి.

వాడేటప్పుడు ఈ కింది సూచనలు గుర్తుంచుకోగలరు.

1. శీర్షికకే వాడండి. పేజీ నిండా పరిస్తే నాలుగు వాక్యాలకే కళ్లు అలసిపోతాయి.

2. 'బలూ తమ్ముడు 2'లో 5 మందాలున్నాయి. పోస్టరు శీర్షికకు బాగా లావైనది, దాని కింద తేదీకి, స్థలానికి సన్ననిది తీసుకోండి.

3. రెండు వరుసల శీర్షికైతే మధ్య ఎడం పెంచండి. పై వరుస వత్తు కింది వరుస గుడికి తగలరాదు.

4. చోటు నింపడానికి అక్షరాన్ని అడ్డంగా సాగదీయవద్దు. సాగదీస్తే గీతల మందం చెడుతుంది.

5. సందర్భం చూడండి. ఆటల పోటీలకు, వార్షికోత్సవానికి ఇది చక్కగా నప్పుతుంది. సంతాప సభకు, కలెక్టరు గారికిచ్చే వినతిపత్రానికి నప్పదు.

అన్నిటికన్నా పెద్ద పరీక్ష ఒకటుంది. పోస్టరును గేటుకు కట్టి పది అడుగులు వెనక్కి వెళ్లి చూడండి. ఆ తరువాత మన కామాటి చేతనో, వాచ్‌మన్ చేతనో చదివించండి. కూడబలుక్కొని చదివేవారు ఏ అక్షరం దగ్గర ఆగుతారో, తప్పు అక్కడే ఉంటుంది. దాన్ని సరిచేయవలసింది పోస్టరు వేసిన మనమే. 'వాళ్లకు చదువు రాదులే' అనుకుంటే మన చదువుకు అర్థం లేదు.

తమ్ముళ్లారా, వార్షికోత్సవానికి కూలి మానుకొని, బస్సు చార్జీలు పెట్టుకొని వచ్చే తల్లిదండ్రులున్నారు. వేదిక మీద కట్టిన బ్యానరులో తమ బిడ్డ చదివే హాస్టలు పేరును వారు ఎవరినీ అడగకుండా చదువుకోగలగాలి. అక్షరం ఎంత సరదాగా ఆడినా ఫరవాలేదు, వారికి మాత్రం అందకుండా పోకూడదు.