ఎవరూ చూడని తప్పును తానే చెప్పిన తెలుగింటి బిడ్డ

చంద్రశేఖరపురం: కర్రాబిళ్ళ ఆడే పిల్లల మధ్య తగవు రాని పొద్దు ఉండదు. బిళ్ళ గీత దాటిందని ఒకడు, దాటలేదని మరొకడు. "ఎవరింటి పిల్లోడివిరా, ఇన్ని అబద్ధాలాడతావు?" అని అరుగు మీది పెద్దవారెవరో గద్దిస్తే గాని ఆట సాగదు. అయితే తన తప్పు తానే చెప్పుకోవలసిన ఆట ఒకటున్నది. అది గోల్ఫ్.

పచ్చిక బయలులో చిన్న బంతిని కర్రతో కొడుతూ 18 గుంతల్లో వరుసగా వేయాలి. తక్కువ దెబ్బలతో ముగించినవాడిదే గెలుపు. దీనికి పుట్టిల్లు స్కాట్లండ్. కుర్రకారు విలువిద్య మాని దీని వెంట పడుతున్నారని 1457లో అక్కడి పార్లమెంటు నిషేధించింది కూడా! మన ఇంటిపేర్ల వలె వారికీ వంశనామాలున్నాయి. పేరులో 'మ్యాక్' అంటే ఫలానావాని కొడుకు అని అర్థం. వెనుదీయని ఆటగాడిని చూస్తే వంశగుణమనడం అక్కడా ఉన్నదే.

ఆ ఆటలో ఇప్పుడు మన ఇంటిపేరు ఒకటి వినిపిస్తున్నది. తీగల సాహిత్. తల్లిదండ్రులు మురళీధర్, కరుణ హైదరాబాదు నుండి అమెరికా వెళ్ళినవారు. సాహిత్ 1997లో కాలిఫోర్నియాలో పుట్టాడు. తాతముత్తాతల్లో గోల్ఫ్ వాసన లేదు. పైగా కుర్రవాడికి వెన్నెముక వంకర. అందుకే అతడు కర్ర తిప్పే తీరు పుస్తకాల్లో చెప్పినట్లుండదు. ఆ ఒంటికి తగ్గ దెబ్బను అతడే కుదుర్చుకున్నాడు.

2022లో ఫీనిక్స్ పోటీలో గెలుపు చేతికందే వేళ, 17వ గుంత వద్ద బంతి దొర్లి నీళ్ళలో పడింది. ఒక్క దెబ్బ తేడాతో ఓడి ఇంటివారిని పట్టుకుని ఏడ్చాడు. మరుసటి ఏడు సెప్టెంబరులో నాపా పట్టణంలో తొలి పెద్ద గెలుపు సాధించాడు.

అన్నిటికన్నా చెప్పుకోవలసినది 2024 నాటి అట్లాంటా పోటీ. ఇసుక పల్లంలో పడిన బంతిని కొట్టబోతూ కర్ర వెనక్కు ఎత్తినప్పుడు ఇసుకకు తగిలిందని అతడికి అనిపించింది. అలా తగలడం నిబంధనలకు విరుద్ధం. ఎవరూ అడగకుండానే అధికారిని పిలిచి చెప్పాడు. రెండు దెబ్బల శిక్ష పడింది.

చివరకు రెండో స్థానానికి సరిగ్గా రెండు దెబ్బల దూరంలో మూడోవాడుగా నిలిచాడు. రెండో బహుమతి కోటీ 25 లక్షల డాలర్లు, మూడోది 75 లక్షలు. ఆ రెండు దెబ్బలు లేకుంటే ఇద్దరూ సమానమై చెరొక కోటి పంచుకునేవారు. వంశమో, పెంపకమో తేల్చడం కష్టం గాని, ఇసుకను తాకానన్న ఆ ఒక్క మాట ఖరీదు పాతిక లక్షల డాలర్లు.